దొర సిగార్‌కు ఒక కానూను, మన బీడీకి ఇంకొకటి

అమెరికాల ఖరీదైన సిగార్లు పొగాకు కానూను కిందికెల్లి బయటపడ్డయి. అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ప్రీమియం సిగార్ల మీద పెట్టిన రూల్ చెల్లదని 2023 ఆగస్టు 9న వాషింగ్టన్ ఫెడరల్ జడ్జి అమిత్ మెహతా కొట్టేసిండు. పేరు చూసి మనోడే అనుకునేరు, పుట్టింది గుజరాత్‌ల, పెరిగింది అమెరికాల. 2025 జనవరిల అప్పీలు కోర్టు సుత ఆ తీర్పునే చాలామటుకు నిలబెట్టింది. ప్రీమియం సిగార్ అంటే ఏందన్న నిర్వచనాన్ని మాత్రం మల్లొకసారి చూడుమని కింది కోర్టుకు తిప్పి పంపింది.

గీ ముచ్చట మన పేపర్లల్ల ఏడ కానరాలే. ఒక్క సిగార్ మీద మన నెల కరెంటు బిల్లు తగలబెట్టే అమెరికోళ్ల లొల్లి మనకెందుకు అంటరేమో. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ దిక్కు పోయి చూడుండ్రి. ప్రతి వాడకట్టుల అరుగు మీద చాట ఒళ్లె పెట్టుకొని, తునికాకు కత్తిరించుకుంట, తంబాకు నింపుకుంట కూసున్న అమ్మలు కనవడ్తరు. దేశం మొత్తం మీద బీడీ కార్మికులు దగ్గర దగ్గర 50 లక్షలని సర్కారు లెక్కనే చెప్తది, అండ్ల ఎక్కువ మంది ఆడోళ్లే. ఇది సదువుతున్న మీల శానమంది ఫీజు కట్టింది ఆ చాటనే. పొగాకు మీద కానూను ఎట్ల తయారైతది, ఎవరు అడిగితే ఎట్ల వంగుతది అన్నది మనకు తెల్వకపోతే ఎట్ల? సిగార్ కంపెనీలు గెలిచిన తీరు దానికి మంచి పాఠం. నేను పెద్ద సదువు సదువుకున్నోన్ని కాదు. డిక్షనరీ పక్కకు పెట్టుకొని ఆ తీర్పులను నిదానంగ సదివిన. నాకు సమజైంది సమజైనట్టు చెప్త.

2009 జూన్ 22న ఒబామా ఒక చట్టం మీద సంతకం పెట్టిండు. దాంతోటి సిగరెట్, నోట్లె పెట్టుకునే పొగాకు ఎఫ్‌డీఏ చేతికిందికి వచ్చినయి. సిగార్లు రాలే. కావాలంటే ఎఫ్‌డీఏనే తర్వాత రూల్ రాసి మిగిలిన పొగాకు సరుకును కలుపుకోవచ్చని చట్టంల ఒక దర్వాజ తెరిచిపెట్టిన్రు. 2014ల ఎఫ్‌డీఏ ముసాయిదా ఇచ్చింది. అండ్ల రెండు దారులు చూపెట్టింది. ఒకటి, సిగార్లన్నిటినీ కలుపుడు. రెండోది, ప్రీమియం సిగార్లను ఇడిచిపెట్టుడు. ఇడిచిపెట్టాలంటే ఒక్కో సిగార్ ధర కనీసం 10 డాలర్లు ఉండాలని ఆ రెండో దారిల ఒక షరతు. అంటే ఎంత ఖరీదైన పొగ అయితే అంత వదులు. ఆరోగ్యం కోసం రాసే రూల్ల గిసొంటి షరతు ఎట్ల వచ్చిందో నాకైతే ఇప్పటికీ అర్థం కాలే. చిత్రమేందంటే, సిగార్ వ్యాపారులు సుత ఆ 10 డాలర్లు ఒద్దన్నరు. వాళ్ల సరుకుల శానమటుకు అంతకంటే తక్కువ ధరకే అమ్ముడువోతది కదా.

ఆఖరుకు 2016 మేల ఎఫ్‌డీఏ మొదటి దారే పట్టింది. సిగార్ ఏదైనా సిగారే, పానానికి ముప్పు తెచ్చేదే అన్నది. ఆగస్టు 8 నుంచి రూల్ అమలు. డబ్బా మీద హెచ్చరిక 30 శాతం జాగల ఉండాలె. 2007 ఫిబ్రవరి 15 తర్వాత మార్కెట్లకు వచ్చిన కొత్త సరుకుకు ఎఫ్‌డీఏ పరీక్ష, మంజూరు కావాలె. కంపెనీలు ఫీజులు కట్టాలె. ఈ పరీక్ష కాడనే సిగార్ వ్యాపారులకు గుండెల రాయి పడ్డది. ఎందుకంటే ఏటా కొత్త ఆకు, కొత్త కలుపు, కొత్త పేరు తోటి సరుకు దింపుడే వాళ్ల వ్యాపారం.

ఇగ అసలు కథ ఈడ్నే షురువైతది. సిగార్ల తరఫున కొట్లాడింది మూడు సంఘాలు. సిగార్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా పెద్ద కంపెనీలది. ప్రీమియం సిగార్ అసోసియేషన్ దుకాణదార్లది, 2019 దాంక దీనికి వేరే పేరు ఉండె. సిగార్ రైట్స్ ఆఫ్ అమెరికా పేరుకు తాగేటోళ్ల హక్కుల సంఘం. వీళ్లు మూడు మాటలు పట్టుకున్నరు. మాది చేతి పని, తాతల నాటి కుటుంబ వ్యాపారం. పోరగాండ్లు మా సరుకు ముట్టరు. తాగేటోళ్లు వయసొచ్చినోళ్లు, వాళ్ల ఇష్టం వాళ్లది. ఏ మీటింగుల చూసినా, ఏ చట్టసభల చూసినా గీ మూడే. కంపెనీ మాటను కంపెనీ నోటి తోటి చెప్పనీయరు. ముసలి తాత నడిపే దుకాణాన్ని ముంగట నిలబెడ్తరు. ఫ్లోరిడా నుంచి సెనేట్‌కు పోయిన డెమోక్రాట్ బిల్ నెల్సన్, రిపబ్లికన్ మార్కో రూబియో ఇద్దరూ సంప్రదాయ సిగార్లకు మినహాయింపు ఇయ్యాలనే బిల్లు వెనక నిలబడ్డరు. పార్టీలు వేరైనా టాంపా నగరంల మిగిలిన సిగార్ కార్ఖానా మీద ఇద్దరికీ ప్రేమనే. ఆ బిల్లు 2011 నుంచి మల్ల మల్ల వచ్చింది కానీ పాస్ కాలే.

చట్టసభల కానిది కోర్టుల అయ్యింది. ఇక్కడ సిగారోళ్లను తిట్టి ఊకుంటే మనకే నష్టం, జర నిదానంగ చూద్దాం. హెచ్చరిక గుర్తులను 2020 జులైల అప్పీలు కోర్టు కొట్టేసింది, వాటి తోటి పొగ తాగుడు తగ్గుతదని ఎఫ్‌డీఏ సరిగ్గ చూపెట్టలేదని. తర్వాత 2022 జులైల మెహతా అసలు రూల్‌నే పట్టుకున్నడు. ముసాయిదా ఇచ్చినప్పుడు పోరగాండ్లు ప్రీమియం సిగార్లు తాగుడు తక్కువని చూపెట్టే లెక్కలను వ్యాపారులు రాతపూర్వకంగ ఎఫ్‌డీఏ ముంగట పెట్టిన్రు. ఎఫ్‌డీఏ ఆఖరి రూల్ల వాటికి జవాబు చెప్పలే. పైకెల్లి అసొంటి సాక్ష్యమే లేదన్నట్టు రాసింది. జడ్జి గదే తప్పు పట్టిండు. సిగార్ మంచిదని ఆయన ఏడ అనలే. ముంగట పెట్టిన కాగితాన్ని చూడకుంట రూల్ రాయొద్దన్నడు, అంతే.

ఈ ముక్కను మనం గట్టిగ గుర్తువెట్టుకోవాలె. మన దిక్కు సర్కారు ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు చెప్పుండ్రి అంటే ఎవరం రాయం. ధర్నా చేస్తం, ఫోటో దిగుతం, వాట్సాప్‌ల పెడ్తం. వాళ్లు వేల కాగితాలు రాసిన్రు, ఆ కాగితాలల్ల ఒక్కదానికి జవాబు రాలేదని రూల్‌నే కూలగొట్టిన్రు. ధర్నా ఒద్దని అంటలేను, నేను సుత చేస్త. కాగితం సుత రాయాలె అంటున్న.

కానీ మినహాయింపు ఇచ్చినంక దేనికి ఇచ్చినం అన్నది రాయాలె కదా. అక్కడ చూడుండ్రి తమాష. కోర్టు ఒప్పుకున్న నిర్వచనం గిది: సిగార్ మీద చుట్టు నిండు పొగాకు ఆకు ఉండాలె. లోపలి కట్టు ఆకు సుత 100 శాతం పొగాకే. నింపిన దాంట్ల కనీసం సగం పొడుగాకు ఉండాలె. చేతి తోటి చుట్టాలె. ఫిల్టర్ ఉండొద్దు, వేరే పీక ఉండొద్దు. పొగాకు తప్ప వేరే రుచి ఉండొద్దు. పొగాకు, నీళ్లు, చెట్టు బంక తప్ప ఏం కలపొద్దు. వెయ్యి సిగార్ల తూకం 6 పౌండ్లు దాటాలె, మన లెక్కల 2 కిలల 700 గ్రాముల పైన. వెయ్యి బీడీలకు మన అమ్మలకిచ్చే తంబాకు పావు కిలకు అటూ ఇటూ ఉంటది, గీ లెక్క పక్కన పెట్టుకొని చూడుండ్రి.

ఈ ఎనిమిది షరతులల్ల పానం గురించి ఒక్క ముక్క లేదు. ఎంత పొగ, ఎంత నికోటిన్, ఎంత క్యాన్సర్ అని అడగలే. ఆకు ఎట్లుంది, చుట్టింది ఎవరు, బరువెంత అని అడిగిన్రు. పట్టుచీరను కొలిసినట్టు కొలిసిన్రు.

సిగార్ పొగ మీంగరు కదా, ఊపిరితిత్తులకు పోదు కదా అంటరు వాళ్ల తరఫోళ్లు. నోటికి? నాలికెకు? గొంతుకు? ఒక పెద్ద సిగార్ల ఒక సిగరెట్ ప్యాకెట్‌ల ఉన్నంత పొగాకు ఉండొచ్చని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థనే చెప్తది. అదే సంస్థ 1998ల సిగార్ల మీద ఒక పెద్ద పుస్తకమే తెచ్చింది. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ విపరీతంగ సిగార్లు తాగేటోడు, 1885ల గొంతు క్యాన్సర్ తోటి పోయిండు. మనసు వైద్యుడు ఫ్రాయిడ్ దవడ క్యాన్సర్‌కు 30కి పైన ఆపరేషన్లు చేయించుకున్నడు, ఆయనా సిగార్ మనిషే. అంత దూరం ఎందుకు, శ్రీకాకుళం, విశాఖ తీరంల అడ్డపొగ తాగే ఆడోళ్ల ముచ్చట తెలుగోళ్లకు తెల్వంది కాదు. చుట్ట మండే కొసను నోట్లె పెట్టుకొని తాగుతరు. అంగిలికి వచ్చే క్యాన్సర్ మీద డాక్టర్లు అక్కడ ఏండ్లకేండ్లు పరిశోధన చేసిన్రు. ఇంగ్లీషోళ్లు షెరూట్ అనే మాటను తమిళంల చుట్ట పేరు నుంచే తీసుకున్నరు. మన చుట్టనూ వాళ్ల సిగార్‌నూ తయారు చేసింది ఒక్క ఆకే.

అయితే ఒక మాట ఒప్పుకోవాలె. 2022ల అమెరికా జాతీయ అకాడమీలు ప్రీమియం సిగార్ల మీద ఇచ్చిన రిపోర్టుల, ఇవి తాగేటోళ్లల్ల ఎక్కువ మంది ఎప్పుడో ఒకసారి తాగుతరు కాబట్టి జనం మొత్తం మీద నష్టం తక్కువ కనవడ్తదన్నరు. రోజూ తాగితే, పొగ మీంగితే మాత్రం ముప్పు ముప్పే. అంటే తక్కువ నష్టానికి కారణం తాగేటోని తీరు, సరుకు గొప్పతనం కాదు. లాబీ ఈ రెండింటినీ కలిపి కలిపి చెప్తది.

ఇప్పుడు ఇదే అమెరికా కానూను మన బీడీని ఏం చేసిందో చూద్దాం. 2009 చట్టం కింద ఎఫ్‌డీఏ మొట్టమొదట అమ్మకం బందు పెట్టుమని ఆర్డర్ ఇచ్చిన పొగాకు సరుకు ఏందో తెలుసా? బీడీ. 2014 ఫిబ్రవరిల ఒక కంపెనీ అమ్మే నాలుగు రకాల బీడీలను ఆపేయించిన్రు. 2007 ఫిబ్రవరి 15 నాటికి మార్కెట్ల ఉన్న సరుకు లెక్కనే ఇవీ ఉన్నయని కంపెనీ చూపెట్టలేకపోయింది, గదీ కారణం. ఆ బీడీలను తాగుమని నేను చెప్తలేను. అదే తారీకు, అదే పరీక్ష దొర సిగార్ కాడికి వచ్చేసరికి సంప్రదాయమనీ, చేతి పని అనీ, కుటుంబ వ్యాపారమనీ అయింది. బీడీ చేతి పని కాదా? బీడీకి ఫిల్టర్ ఉన్నదా? కానీ బీడీ తరఫున వాషింగ్టన్‌ల సంఘం లేదు, సెనేటర్ లేడు.

కంపెనీలకు ఈ నిర్వచనాల ఆట కొత్తది కాదు. 2009ల సిగరెట్లల్ల లవంగం లాంటి రుచులను నిషేధించిన్రు. లవంగం సిగరెట్లు అమ్మే ఇండోనేషియా కంపెనీ కాగితం తీసి పొగాకు చుట్టు వేసి, సిగార్ అని పేరు మార్చి అమ్ముకున్నది. అదే ఏడు చిన్న సిగార్ల మీద పన్ను విపరీతంగ పెంచితే, కొన్ని కంపెనీలు జరంత బరువు పెంచినయి. వెయ్యికి 3 పౌండ్లు దాటంగనే అది చిన్న సిగార్ కాదు, పెద్ద సిగార్. పన్ను వేరే లెక్క. ఇగ పెద్ద సిగార్ మీద పన్ను తయారీ ధరల 52.75 శాతం, కానీ ఒక్కదాని మీద 40.26 సెంట్లు దాటొద్దని మూత పెట్టిన్రు. లెక్క కడ్తే, తయారీ ధర 76 సెంట్లు దాటినంక ఎంత పెరిగినా పన్ను పెరగదు. ఒక్క డాలర్ సిగార్‌కూ, 20 డాలర్ల సిగార్‌కూ కేంద్రం పన్ను ఒక్కటే.

పొగ తాగొద్దనే జాగల కాడ సుత ఇదే తీరు. న్యూయార్క్‌ల 2003ల బార్లు, హోటళ్లల్ల పొగ బందు పెట్టినా అప్పటికే ఉన్న సిగార్ బార్లకు షరతుల మీద మినహాయింపు ఇచ్చిన్రు. 2022ల ఫ్లోరిడా ఒక చట్టం తెచ్చింది. సముద్రపు ఒడ్డున, పార్కులల్ల పొగ తాగుడును ఊర్లు నిషేధించుకోవచ్చు అని. దాంట్లనే ఒక చిన్న ముక్క ఉన్నది, ఫిల్టర్ లేని సిగార్లకు ఈ నిషేధం వర్తించదు. ఇసుకల పడేది ఫిల్టర్ పీకలు కదా, అవి కరగవు కదా అన్నది పైకి చెప్పే ముచ్చట. పక్కన ఆడుకునే పిల్లగానికి పొగల ఫిల్టర్ ఉందా లేదా ఎట్ల తెలుస్తది?

ఈ సిగార్‌ను చుట్టిన కూలీల గురించి సుత చెప్పాలె, ఎందుకంటే లాబీ చెప్పే సంప్రదాయంల వాళ్లు కనిపించరు. 1880లల్ల న్యూయార్క్‌ల సిగార్లు ఇండ్లల్లనే చుట్టేటోళ్లు. ఇరుకు గదులు, అండ్లనే వంట, అండ్లనే పడక, అండ్లనే పొగాకు దుమ్ము. గదుల ఓనర్, సిగార్ల ఓనర్ శానసార్లు ఒక్కడే. శామ్యూల్ గోంపర్స్ అనే సిగార్ కార్మికుడు, తర్వాత 1886ల అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ పెట్టిన నాయకుడు, ఆ ఇండ్లు తిరిగి తిరిగి రాసిండు. అప్పటి యువ శాసనసభ్యుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌ను సుత ఆ గదులకు తోల్కపోయి చూపెట్టిండు. ఇండ్లల్ల సిగార్ల తయారీని బందు పెడ్తూ 1884ల చట్టం తెచ్చుకున్నరు. 1885 జనవరిల న్యూయార్క్ అప్పీలు కోర్టు కొట్టేసింది. కూలివాని ఇంట్ల కూలి చేసుకునే స్వేచ్ఛను ఆ చట్టం గుంజుకుంటున్నదట. స్వేచ్ఛ పేరు కూలిది, లాభం ఓనర్‌ది.

టాంపా కార్ఖానల ఇంకో ముచ్చట ఉండె, నాకు బగ్గ ఇష్టమైంది. కూలీలు సిగార్లు చుట్టుకుంట కూసుంటే, ఎత్తు పీట మీద ఒకడు కూసొని పేపరు, నవలలు గట్టిగ సదివేటోడు. వాని జీతం ఓనర్ ఇయ్యడు, కూలీలే తలా కొంచెం ఏసుకొని ఇచ్చేటోళ్లు. క్యూబాల 1860లల్ల మొదలైన పద్ధతి అది. అట్ల సదివి సదివి కూలీలకు ప్రపంచం సమజైంది, హక్కులు సమజైనయి. 1931ల ఓనర్లు ఆ సదివేటోళ్లను తీసేసిన్రు, కూలీలు సమ్మెకు దిగిన్రు, తర్వాత ఆ జాగల రేడియో వచ్చింది. ఇయ్యాల సిగార్ డబ్బా మీద వారసత్వమనీ చరిత్ర అనీ బంగారు అక్షరాలు ఉంటయి. అండ్ల గీ సమ్మె ఉండదు. అసలు ఇప్పుడు అమెరికాకు వచ్చే ప్రీమియం సిగార్లు శానమటుకు డొమినికన్ రిపబ్లిక్, నికరాగ్వా, హోండూరస్ నుంచి వస్తయి. ఏటా 40 కోట్లు దాటి వస్తున్నయి. అక్కడ చుట్టే ఆడోళ్ల కూలి ఎంతన్నది లాబీ కాగితాలల్ల ఏడ ఉండదు.

ఇగ మన ఇంటికి వద్దాం. 1966ల మన పార్లమెంటు ఒక చట్టం తెచ్చింది, పేరు బీడీ అండ్ సిగార్ కార్మికుల చట్టం. చూసిన్రా, మన కానూన్ల బీడీ, సిగార్ ఒక్క వాక్యంలనే ఉన్నయి. 2003 పొగాకు చట్టం కాట్పాల సుత అంతే. సిగరెట్లు, సిగార్లు, చుట్టలు, బీడీలు అన్నీ ఒక్క పట్టికల ఉంటయి. ఈ విషయంల మన కానూను అమెరికా దానికంటే నిజాయితీగ ఉన్నది.

కానీ బీడీ సేట్లు సిగార్ సేట్ల పాఠం సదవకుంటనే నేర్చుకున్నరు. ప్యాకెట్ మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక 2015 ఏప్రిల్ల రావాల్సి ఉండె. పార్లమెంటు కమిటీ ఒకటి ఆపుమన్నది. ఆ కమిటీల అలహాబాద్ ఎంపీ శ్యామా చరణ్ గుప్తా ఉండె, ఆయన సొంతంగ బీడీ వ్యాపారి. హెచ్చరిక పెద్దగ పెడ్తే కూలీల పొట్ట కొట్టినట్టన్నరు. ఆఖరుకు 2016 ఏప్రిల్ 1న బొమ్మ వచ్చింది. బొమ్మ వచ్చినంక ఏ కార్ఖానా మూతవడ్డదో మీరే చెప్పుండ్రి. బీడీ కార్మికుల మీటింగులల్ల ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న. పుర్రె బొమ్మ తీసేయించుండ్రి అని ఏ అవ్వ నన్ను అడగలే. ఆకు మంచిది ఇయ్యమను, చేసిన బీడీలల్ల నుంచి ఏరి పక్కకు పడేసుడు బందు చేయమను, పీఎఫ్ కట్టమను, గీయే అడిగిన్రు. కూలీ పేరు మీద సేటు అడిగేది వేరు, కూలీ అడిగేది వేరు.

పన్ను సంగతి ఇంకా చిక్కుది. 2017ల జీఎస్టీ వచ్చినప్పుడు బీడీ మీద 28 శాతం వేసిన్రు. అదే టైంల బీడీ మీద వసూలు చేసే సంక్షేమ సెస్సును తీసేసిన్రు. 1976 నుంచి ఉన్న సెస్సు అది. మన దవాఖానలు, మన పిల్లల స్కాలర్‌షిప్పులు దాని మీదనే నడిచేటివి. సెస్సు పోయినంక ఆ ఖర్చు బడ్జెట్ల ఎవరి దయ మీదనో ఆధారపడ్డది. తర్వాత 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్, బీడీ మీద 28 నుంచి 18కి తగ్గించాలని, తునికాకు మీద 18 నుంచి 5కు తగ్గించాలని నిర్ణయించింది. సిగరెట్, సిగార్ మీద 40. అప్పట్ల బీహార్ ఎలక్షన్లు ముంగట ఉండె, దాని మీద ఒకల మీద ఒకలు జోకులు ఏసుకున్నరు. జోకులల్ల అసలు ప్రశ్న కొట్టుకపోయింది: ఆ తగ్గిన 10 శాతం ఎవరికి పోతది? వెయ్యి బీడీల కూలి ఇంత పెంచితేనే ఈ తగ్గింపు అని ఒక్క షరతు సుత పెట్టలే.

డాక్టర్లు బీడీ మీద పన్ను పెంచాలె అంటరు. వాళ్ల మాట తప్పని నేను అనను. 2016-17 సర్వేల దేశంల పెద్దోళ్లల్ల 7.7 శాతం మంది బీడీ తాగితే, సిగరెట్ తాగేటోళ్లు 4 శాతమే. చచ్చేది మనోళ్లే, మన నాయినలు, మన మేనమామలు. చిన్నగుందని, చవుకని, ఆకు తోటి చేసిందని బీడీ తక్కువ విషం కాదు. అందుకే బీడీకి మినహాయింపు అడిగే మీటింగుకు నేను పోను. పన్ను పెంచుండ్రి, కానీ ఆ పైసలు మల్ల సెస్సు లెక్క విడిగ పెట్టి బీడీ చేసే ఇండ్లకే రావాలె. వేరే పని నేర్చుకునే దాంక కూలి నష్టం కట్టియ్యాలె. తంబాకు దుమ్ము పీల్చి దగ్గే అమ్మలకు దవాఖాన నడవాలె. గివి అడిగే మీటింగుకు పిలిస్తే అర్ధరాత్రి అయినా వస్త.

దొర పొగ, కూలి పొగ తేడా మన దగ్గర జాగల కాడ ఉన్నది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ జాగల పొగ బందు. కానీ 30 గదుల హోటల్‌కు, 30 కుర్చీల రెస్టారెంట్‌కు, ఎయిర్‌పోర్టుకు విడిగ పొగ గది పెట్టుకునే అవకాశం ఉన్నది. బస్టాండుల బీడీ ముట్టిస్తే 200 జుర్మానా, పెద్ద హోటల్ల ఏసీ గదిల సోఫా మీద కూసొని సిగార్ ముట్టిస్తే మర్యాద. 2021 జనవరిల కేంద్రం కాట్పా సవరణ ముసాయిదా ఇచ్చింది. ఈ గదులు తీసేస్తం, విడి సిగరెట్లు అమ్మనీయం, వయసు 21 చేస్తం అన్నది. వ్యాపార సంఘాలు లొల్లి చేసినయి, ముసాయిదా అట్లనే మూలకు పడ్డది. 2024 ఫిబ్రవరిల మన తెలంగాణ అసెంబ్లీ హుక్కా పార్లర్లను బందు పెట్టింది, మంచి పనే. పెద్ద హోటళ్ల పొగ గదుల జోలికి ఎవరు పోలే.

కటాఫ్ తారీకు ముచ్చట సుత ఒకటి చెప్పాలె. రాష్ట్రం వచ్చినంక బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి ఇచ్చిన్రు, తర్వాత 2016 చేసిన్రు. శాన ఇండ్లు నిలబడ్డయి దాంతోటి, కాదనను. కానీ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నోళ్లకే అన్నరు. సేటు పీఎఫ్ కట్టకపోతే తప్పు సేటుది, భృతి పోయింది కూలికి. ఒకే అరుగు మీద కూసొని ఒకే ఆకు కత్తిరించే అత్తకు భృతి వస్తది, కోడలుకు రాదు. అమెరికాల సిగార్ సేట్లకు 2007 ఫిబ్రవరి 15 తారీకు అడ్డమొస్తే ఏడేండ్లు కోర్టులల్ల కొట్లాడి దాన్ని పక్కకు జరిపిన్రు. మన కోడండ్ల తరఫున ఆ తారీకు మీద గంత పట్టుదలగ కొట్లాడే సంఘం ఏది?

ఇప్పుడు కొత్తది ఒకటి వచ్చింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమలుల పెట్టిన్రు. బీడీ, సిగార్ పేరు మీద ఉన్న 1966 చట్టం పోయి వృత్తి భద్రత కోడ్ల కలిసిపోయింది. పాత చట్టంల ఇంట్ల కూసొని చేసేటోళ్లను సుత కార్మికులే అన్నరు, మంచి బీడీని ఊకనే చెత్త కింద తీసేయకుంట ఒక హద్దు పెట్టిన్రు. ఈ రక్షణలు కొత్త కోడ్ల, దాని కింద రాష్ట్రాలు రాసే రూళ్లల్ల ఎట్ల వస్తయి, ఎంత మిగులుతయి అన్నది అక్కడి నిర్వచనాల మీదనే ఉంటది. కార్మికుడు అంటే ఎవరు, యజమాని అంటే కంపెనీనా, మధ్యల ఉన్న టేకేదారా అన్న రెండు లైన్లు ముందుగాల చూడుండ్రి.

తమ్మీ, చెల్లే, మీ చేతిల ఫోన్ ఉన్నది, సదువు ఉన్నది. మీ అమ్మ బీడీలు అప్పజెప్పి తెచ్చుకునే పుస్తకం ఒకసారి తెరువుండ్రి. వెయ్యికి ఎంత రాసిన్రు, ఎంత ఇచ్చిన్రు, ఎన్ని బీడీలు తీసేసిన్రు, పీఎఫ్ కోత ఉన్నదా, ఉంటే ఖాతాల పడ్డదా చూడుండ్రి. పన్ను తగ్గించక ముందటి నెలది, తగ్గిన తర్వాతి నెలది పక్క పక్కన పెట్టి ఫోటో తీసుకోండ్రి. ఊరికి పది ఇండ్లయి జమ అయితే చాలు, ముసాయిదా మీద అభ్యంతరం రాసేటప్పుడు గా కాగితాలే జత చేద్దాం.